వంతు ఇచ్చి తెచ్చిన కారు

కారు లేనివాళ్ళు మనుషులు కారు అని నేను మొట్టమొదటిసారి తెలుగులో చమత్కరించినప్పుడు, మా ఇంట్లో నవ్వింది మా అమ్మ నాగమ్మ ఒక్కతే. మా వదిన కాంతకి తెలుగు అంత లోతుగా రాదు. మా అన్న వెంకటస్వామికి వచ్చు, అర్థం కూడా అయింది, కానీ నవ్వలేదు. అప్పటికి ఆయనకి కారు లేదు మరి.

ఈమధ్య మా దీవిలోని రేవుపట్నం లౌటోకాలో మా సంఘం భోజనాలకి ఎప్పుడు వెళ్ళినా మగవాళ్ళందరిదీ ఒకటే జబ్బు. చల్లగా ఏసీ వేసుకున్న జపాను బళ్ళలోంచి దిగుతారు, పప్పన్నం కలుపుకుంటారు, పాత మోరిస్ మైనర్‌ల గురించి నిట్టూరుస్తారు. "మా నాన్నకి ఉండేదండీ, దాని హారను మూడు గడపల అవతలికి వినిపించేది." "మా మామయ్య దాన్ని మేకలకి ఇచ్చేశాడు, అవి సీట్లు తినేశాయి." "ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుందంటారా?" ఒకప్పుడు బడిపంతులు కూడా కొనుక్కోగలిగిన బండి అది. అప్పట్లో దాన్ని చూస్తే వెటకారం, ఇప్పుడు తలుచుకుంటే మమకారం. వాళ్ళ నిట్టూర్పులు వింటూ నేను చేయి కడుక్కోవడం కూడా మర్చిపోతాను. నాకు 1979 చెరుకు సీజను గుర్తొస్తుంది. మైనర్ బండి ఒకటి మా ఇంట్లో చేసిన మేజర్ గందరగోళం గుర్తొస్తుంది.

బా పట్నం అవతల, కొండవాలులో మా చేను. పక్కది జగన్నాథ్‌ది. మా వైపు ఎవరి చెరుకు వాళ్ళు కోసుకోరు. చుట్టుపక్కల రైతులంతా కలిసి ఒక గ్యాంగు. ఒక చేను కోసి లారీకెత్తాక ఇంకో చేను, వంతుల ప్రకారం. ఆ వంతులకి సీజను మొదట్లో చీటీలు తీస్తారు. మొదటి చీటీ వచ్చినవాడు రాజు. చివరి చీటీ వచ్చినవాడు సీజనంతా ఆకాశంలోకి చూసి మెడనొప్పి తెచ్చుకుంటాడు. ఎందుకంటే వానలు పడితే వాలులోకి లారీ దిగదు, మిల్లు మూసేశారంటే కోసిన చెరుకైనా కొనే దిక్కుండదు. ఆ ఏడు మొదటి చీటీ మాది. చివరిది జగన్నాథ్‌ది.

చీటీలు తీసిన ఆదివారం మధ్యాహ్నం జగన్నాథ్ షెడ్డు కింద అందరం కూర్చున్నాం. మధ్యలో కొయ్య తొట్టి నిండా యంగోనా, అంటే వేరు దంచి నీళ్ళలో కలిపిన మత్తు పానీయం, చేతులు మారుతున్న కొబ్బరిచిప్ప. ఆ షెడ్డులోనే ఓ మూల వెలిసిపోయిన చిలకపచ్చ రంగు మోరిస్ మైనర్. ముందు అద్దం నడుమ సందుతో రెండు ముక్కలుగా ఉండే పాత రకం. దాని టాపు మీద రెండు కోళ్ళు యజమానుల్లా కూర్చున్నాయి.

"మా అమ్మాయి మాల లగ్గం సెప్టెంబర్‌లో పెట్టుకున్నాం భాయ్," అన్నాడు జగన్నాథ్, చిప్ప చేతిలో తిప్పుతూ. "నా చెరుకు డిసెంబర్‌లో తెగితే పెళ్ళి దేంతో చెయ్యాలి? పెళ్ళివారికి ఈ బురదనీళ్ళు పోసి పంపాలా?"

మా అన్న చూపు జగన్నాథ్ మీద లేదు. కోళ్ళ మీద ఉంది. కోళ్ళ కిందున్న దాని మీద ఉంది.

"ఆ బండి అమ్ముతావా?"

"కొడుకు డాట్సన్ కారు తెచ్చుకున్నాడు. దీన్ని చూసుకునేవాడు లేడు. కోళ్ళే చూసుకుంటున్నాయి."

"ఎంతకిస్తావు?"

జగన్నాథ్ చిప్ప కింద పెట్టాడు. "డబ్బు వద్దు. నీ వంతు ఇవ్వు."

మా గ్యాంగు సర్దార్ బలరాం గొంతు సవరించుకున్నాడు. "వెంకట్ భాయ్, సోచ్ లో. మొదటి చీటీ ఇచ్చి చివరిది తీసుకోవడం అంటే వానతో పందెం కాయడమే."

ఆలోచించుకోమని బలరాం అన్నాడు గానీ, మా అన్న ఏడేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాడు. మా వైపు పెళ్ళికూతుళ్ళందరూ అత్తారింటికి వెళ్ళింది ఈ మోరిస్ మైనర్‌లోనే. మా అన్న పెళ్ళినాడు మాత్రం అది వేరే పెళ్ళికి వెళ్ళింది. దాంతో వదినని పుట్టిల్లు సబేటో నుంచి చెరుకు లారీలో తీసుకొచ్చాడు. కాలిన చెరుకు మసి ఆమె ఎర్రచీర కొంగుకి అంటుకుని ఇక వదల్లేదు. ఏదో ఒకరోజు ఆ కారులోనే తిప్పుతానని ఆయన ఆనాడే లారీలో మాట ఇచ్చాడట. ఇంట్లో ఉప్పు ఎక్కువైందన్నా, పప్పు తక్కువైందన్నా వదిన అనే మాట ఒకటే: "నన్ను చెరుగ్గడలా లారీలో వేసుకొచ్చినోడివి, నీకేం తెలుసు రుచి?"

"ముందే చెప్తున్నా," అన్నాడు జగన్నాథ్, మర్యాదస్తుడు కాబట్టి. "బ్యాటరీ చచ్చింది. వైపర్ ఒకటే ఆడుద్ది, డ్రైవర్ వైపుది. రెండోది ఊపిరి వదిలి చాలా రోజులైంది."

"వానలో మనకేం పని భాయ్," అన్నాడు మా అన్న.

చివరి వంతు తీసుకోబోతున్నవాడు అన్న మాట అది! బలరాం తలెత్తి షెడ్డు రేకుల సందులోంచి ఆకాశం చూశాడు. నేను నోరు తెరిచేలోపు మా అన్న ఒకసారి చప్పట్లు కొట్టి, చిప్ప ఎత్తి, గటగటా తాగేసి కింద పెట్టాడు. అందరూ మూడుసార్లు చప్పట్లు కొట్టారు. మా వైపు గ్యాంగు ముందు, యంగోనా ముందు అన్న మాటకి ఇక రివర్సు గేరు లేదు.

మర్నాడు కారు మా ఇంటికి వచ్చింది. ఎలా వచ్చిందంటే, ముందు మా ఎడ్లు రాజా, మోతీ, వెనక తాడు, ఆ వెనక కారు, కారులో స్టీరింగు పట్టుకుని మా అన్న, పెళ్ళికొడుకులా. హార్సు పవరంటారు, మేం బుల్లు పవరుతో తెచ్చుకున్నాం.

అమ్మ హారతిపళ్ళెంతో గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది. "ఒరే ఎంకటసామీ, ఎడ్లు లాగితే అది బండి గదరా! కారెట్టా అవుద్ది?"

"అవుద్దిలేమ్మా, నువ్వు హారతి ఇవ్వు."

అమ్మ కర్పూరం వెలిగించింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది, దిష్టి తీసింది. అప్పుడు వంటింట్లోంచి వదిన వచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. ఆమె మొహంలో ఏదో వెలిగిన మాట నిజం, నేను చూశాను. తలుపు పిడి మీద చేయి వేసి, ఆగి, అడిగింది.

"ఏమిచ్చావు?"

మా అన్న నిమ్మకాయల వైపు చూశాడు. "వంతు."

"ఏ వంతు?"

"మనది."

వదిన అరుస్తుందనుకున్నాను. అరుపులు మాకు అలవాటే, అరిచాక వేడిగా రొట్టెలు కూడా వస్తాయి. ఆవిడ అరవలేదు. పిడి మీద చేయి తీసేసి, కొంగుతో తుడుచుకుంది. ఆ చెరుకు నాటినప్పుడు వంగిన నడుం ఆమెది, కలుపు తీసినప్పుడు కోసుకుపోయిన చేతులు ఆమెవి. ఆ చెరుకు డబ్బుతో ఇంటి కప్పుకి కొత్త రేకులు, అమ్మకి కట్టుడు పళ్ళు అని అనుకున్నారు ఇద్దరూ.

"చెరుకు తెగేదాకా," అంది వదిన నెమ్మదిగా, "నేను ఈ కారులో షికారుకి ఎక్కను."

లోపలికి వెళ్ళిపోయింది. కారు వచ్చింది గానీ అందులో "షి" ఎక్కితే గానీ అది షికారు కాదని నేను అన్నాను. నా చమత్కారానికి ఛీత్కారమే దక్కింది.

బ్యాటరీ మార్చాక ఇంకో సంగతి బయటపడింది. మా అన్నకి నడపడం రాదు. ఆయన జన్మలో నడిపినవి రాజా, మోతీ మాత్రమే. ఒక శనివారం పొద్దున కారు స్టార్టయింది. అది ముందుకి దూకగానే మా అన్న స్టీరింగు రెండు చేతులతో వెనక్కి లాగుతూ "హో! హో! ఆగెహె!" అని కేకలు పెట్టాడు. కారు ఆగలేదు. వాకిలి దాటి, కోళ్ళని చెదరగొట్టి, వదిన దాలో దుంపల మడిలో దిగబడింది. చేమ ఆకుల్లాంటి ఆ పెద్ద పెద్ద ఆకుల మధ్య చిలకపచ్చ టాపు ఒక్కటే కనిపిస్తోంది. కారు పక్కన, మలుపు తిరిగేటప్పుడు సిగ్నలుగా లేచే చిన్న రేకు చెయ్యి ఒకటి దానంతట అది లేచి, కాపాడమన్నట్టు నిలబడింది.

వదిన పిండి చేతులతో బయటికి వచ్చింది. "దిగు."

"ఎందుకు?"

"స్టీరింగంటే ముక్కుతాడు కాదయ్యా, లాగితే ఆగడానికి. దిగు."

చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కింది. వెనక్కి, ముందుకి, మళ్ళీ వెనక్కి ఊపింది. మడిలోంచి కారు వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. నీడకి తెచ్చి ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, దిగింది. మేం ముగ్గురం నోళ్ళు తెరుచుకుని ఉన్నాం. అమ్మ నోట్లో పళ్ళు లేవు కాబట్టి ఆమెది ఇంకా పెద్దగా కనిపించింది.

"నీకు వచ్చా?" అన్నాడు మా అన్న.

"మా బాప్ సబేటోలో లారీ నడిపేవాడు. తెలుసుగా?"

"తెలుసు."

"నేనేమో పక్కన కూర్చుని బొమ్మలాడుకున్నాననుకున్నావా? చేలో లారీ జరపడం నా పనే."

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడూ అడగలేదే? పెళ్ళిరోజు మీ లారీవాడు సబేటో నుంచి బా దాకా గేర్లు తప్పు వేస్తానే ఉన్నాడు. గోరింటాకు చేతులైపోయాయి గానీ, లేకపోతే వాణ్ణి దింపేసి నేనే తోలుకొచ్చేదాన్ని."

మా అన్న మొహం చూడాలి. ఏడేళ్ళు కారు కోసం తపించాక, డ్రైవర్ వంటింట్లోనే ఉందని తెలిసిన మొహం.

సెప్టెంబర్‌లో జగన్నాథ్ వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆయన చెరుకు మా వంతులో తెగి, మిల్లుకి చేరి, పెళ్ళి పందిరిగా మారింది. "భౌజీ," అన్నాడు వదినతో, "మా మాల డాట్సన్ ఎక్కనంటోంది. ఈ వైపు ఆడపిల్లలంతా ఏ బండిలో పోయారో దాంట్లోనే పోతానంటోంది. అడగడానికి నాకు మొహం లేదు. ఆ పిల్ల ఏడుస్తోంది."

మా అన్న వదిన వైపు చూశాడు. వదిన చేయి చాపింది. "తాళం ఇటివ్వు."

"షికారుకి ఎక్కనన్నావుగా?" అన్నాడు మా అన్న ఆశగా.

"మాల అత్తారింటికి పోవడం నాకు షికారా?"

పెళ్ళికూతుర్ని వదినే తీసుకెళ్ళింది. బంతిపూల దండలు కట్టిన బానెట్టు వెనక, తలెత్తి, రెండు చేతులా స్టీరింగు పట్టుకుని ఆడమనిషి వెళుతుంటే రోడ్డు పక్క చెరుకు కోసేవాళ్ళు కత్తులు దించి చూశారు. ఆ తర్వాత అందరికీ అలవాటైపోయింది. బలరాం తల్లిని కళ్ళ డాక్టరు దగ్గరికి వదినే తీసుకెళ్ళింది. పురిటి నొప్పుల బిమ్లాని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గుడికి బియ్యం బస్తాలు వెళ్ళాయి, బడిపంతుల్ని కాబట్టి నేనూ ఒకసారి పరీక్ష పేపర్ల కట్టలతో వెళ్ళాను. ఊరంతా ఆ కారులో తిరిగింది, మా అన్న తప్ప. పందెం ఆయనది కదా, చెరుకు తెగేదాకా ఆయన కూడా ఎక్కనన్నాడు. కారు వస్తే గేటు తీయడం, పోతే గేటు వేయడం ఆయన వంతు.

మిగతా వంతులన్నీ అయ్యేసరికి డిసెంబర్ వచ్చింది. మా ఇంటికి ముందు కారు వచ్చింది, దాని వెనకే కారుమబ్బులు వచ్చాయి. ఈ మాట నేను ఆ రోజుల్లో పైకి అనలేదు. నాకూ ప్రాణం మీద తీపి ఉంది.

గ్యాంగు మా చేలో దిగిన రోజే వాన మొదలైంది. లారీ వాలులో సగం దిగి, ఇరుసుల దాకా కూరుకుపోయింది. దాన్ని తీయడానికే ఒక పూట పట్టింది. "ఇక లారీ రాదు భాయ్," అన్నాడు బలరాం, మొహం మీది నీళ్ళు తుడుచుకుంటూ. "కోసింది మోసుకుని రోడ్డుకి చేర్చాలి." అప్పటికే అలిసిపోయిన గ్యాంగు. కత్తులు కింద పడేసి గట్టు మీద కూలబడ్డారు.

మర్నాడు పొద్దున వాలు కిందినుంచి ఎడ్ల గిట్టల చప్పుడు వినిపించింది. జగన్నాథ్. తన ఎడ్లకి, చక్రాల్లేకుండా బురదలో జారే కొయ్య సలుగు కట్టుకుని, భుజాన చెరుకు కత్తితో వచ్చాడు. ఆయన చెరుకు తెగి నెలలైంది, గ్యాంగులోకి ఆయన బదులు కొడుకు వస్తున్నాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఆయనా మా అన్నా పక్కపక్క సాళ్ళలో వంగారు. వదిన కోసింది, నేను కోశాను, అక్షరాలు దిద్దించే నా చేతులకి బొబ్బలు అచ్చుల్లా హల్లుల్లా లేచాయి. కోసిన చెరుకుని సలుగు మీద బురదలో జార్చుకుంటూ రోడ్డుకి చేర్చాం.

కింది చేను తెగింది. పై చేను తెగలేదు. మేం పై గట్టు ఎక్కిన రోజు మధ్యాహ్నం, దూరంగా బా మిల్లు ఆ సీజనుకి ఆఖరిసారి కూసింది. అంతకన్నా కారుకూత నేను వినలేదు.

పై చేను అలాగే నిలబడి ఉంది, పొడుగ్గా, పచ్చగా, తడిసిపోయి, మా వైపే చూస్తూ. జగన్నాథ్ కత్తి తుడుచుకుని మా అన్న భుజం మీద చేయి వేసి, తీసి, వెళ్ళిపోయాడు. ఆ ఏడు ఇంటి కప్పుకి రేకులు మారలేదు. అమ్మకి పళ్ళు రాలేదు. "పోనీలేరా," అంది అమ్మ, "చెరుకు నమలడం మిల్లే మానేసింది, నాకెందుకు పళ్ళు?"

ఇంట్లో నవ్వించే బాధ్యత నాది. ఆ రోజు అమ్మ చేసింది.

రెండు రోజులయ్యాక, సన్నగా తుంపర పడుతుండగా, మా అన్న కారు కడుగుతున్నాడు. వానలో కారు కడిగేవాణ్ణి ఎక్కడా చూడలేదు నేను. కడిగి, తుడిచి, రాజానీ మోతీనీ తెచ్చి ముందు కట్టాడు.

"ఎక్కడికన్నా?"

"జగన్నాథ్‌కి ఇచ్చేస్తా."

"ఇస్తే మాత్రం వంతు తిరిగొస్తుందా?"

"రాదు." తాడు ముడి బిగించాడు. "ఇది వాకిట్లో ఉన్నన్నాళ్ళూ మీ వదినకి దీన్ని చూస్తే పై చేను కనిపిస్తుందిరా. ఏదో చూపించాలని తెస్తే, ఇది చూపిస్తోంది."

వంటింటి గుమ్మంలో వదిన నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. తుంపరలోకి వచ్చింది. మా అన్న కట్టిన ముడి విప్పింది. ఎడ్లని తోలుకుపోయి కొట్టంలో కట్టేసి, ఇంట్లోకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఒంటి మీద పెట్టె అడుగున ఉండే ఎర్రచీర ఉంది. కొంగుకి మసి మరక. డ్రైవర్ సీట్లో కూర్చుని, అవతలి తలుపు లోపలినుంచి తెరిచింది.

"ఎక్కు."

"చెరుకు తెగలేదు కాంతా."

"కనిపిస్తానే ఉంది. వచ్చే ఏడు తెగుద్ది. ఎక్కి తలుపు గట్టిగా వెయ్యి, అది ఊరికే పడదు."

"ఎక్కడికి?"

"సబేటో. నువ్వు లారీలో తెచ్చిన దారినే." ఇంజను అందుకుంది. "పుట్టింటికి పోయి ఉండిపోతాననుకోకు. పొద్దుగూకేలోపు రావాలి, ఎడ్లకి మేత ఎవరు వేస్తారు?"

నేను వెనక సీటు వైపు ఒక అడుగు వేశాను. అమ్మ నా చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"నీ వంతు కాదురా," అంది.

గేటు నేనే తీశాను. కారు రోడ్డెక్కింది. పక్కనున్న చిన్న చెయ్యి లేచి, లౌటోకా వైపు చూపించి, మలుపులో మాయమైంది.

సాయంత్రం తిరిగొచ్చారు. అంతలో వాన బాగా ముదిరింది. దారంతా ఎలా ఉంది, లౌటోకా రేవులో ఓడలున్నాయా, చెరుకు రైలు అడ్డం వచ్చిందా, సబేటో లోయ కనిపించిందా అని నేను ప్రశ్నలమీద ప్రశ్నలు వేశాను.

"ఏం కనిపించలేదురా," అన్నాడు మా అన్న తువ్వాలుతో తల తుడుచుకుంటూ. "నా వైపు వైపర్ లేదుగా." అని, ఏమీ చూడని మనిషి నవ్వకూడనంతగా నవ్వాడు.

మరుసటి ఏడు చీటీల్లో మాకు మళ్ళీ వెనక వంతే వచ్చింది. జగన్నాథ్‌కి మొదటిది వచ్చింది. ఆయన తన చీటీ తీసి మా అన్న జేబులో కుక్కి, "ఈసారి బదులు ఏమీ వద్దు, కోళ్ళు కూడా వద్దు," అన్నాడు. పై చేను అందరికంటే ముందు తెగింది. అమ్మకి పళ్ళొచ్చాయి.

ఆ కారు ఇప్పటికీ ఉంది. నిట్టూర్చే జనం వెతుక్కునేది దాన్నే. మొన్న సువా నుంచి రామ్ చంద్ర అని ఒక లాయరు వచ్చాడు, పాత కార్లంటే ప్రాణం పెట్టే మనిషి. రంగు చూశాడు, సీట్లు చూశాడు, బానెట్టు ఎత్తి కళ్ళు తుడుచుకున్నంత పని చేశాడు. అంత శుభ్రంగా ఉంచారు ఇద్దరూ. అమ్ముతారా అని అడగలేక, అడిగి, లేదనిపించుకుని, చివరికి ఎడమవైపు వైపర్ దగ్గర ఆగిపోయాడు. అది ఎండుకొమ్మలా అలాగే పడి ఉంది.

"అన్నీ ఇంత బాగా చేయించారు, ఇదొక్కటి వదిలేశారేం? ఆస్ట్రేలియా నుంచి నేను తెప్పిస్తాను, డబ్బు కూడా ఇవ్వొద్దు."

"వద్దు," అన్నాడు మా అన్న.

"అదేంటండీ, వానలో ఆ సీట్లో కూర్చున్నవాళ్ళకి ఏం కనిపిస్తుంది?"

వసారాలో వదిన తాళంచెవుల గుత్తి కోసం కొంగు వెతుక్కుంటోంది. వానొచ్చేలా ఉంది, ఇద్దరూ సబేటో బయల్దేరుతున్నారు. మా అన్న అప్పటికే ఎడమవైపు తలుపు తీసి పట్టుకున్నాడు.

"డ్రైవర్ కనిపిస్తుంది వకీల్ సాబ్," అన్నాడు.